దండకి మేకు కొట్టాలా?

అరండల్‌పేట ఎనిమిదో లైన్లో
మా కొట్టుకొచ్చే మొహాలు రెండే రకాలు:
దేవుళ్ళు, పోయినవాళ్ళు.
పెళ్ళిళ్ళు ఎప్పుడో ఫోన్లలోకి కాపరానికెళ్ళిపోయాయి.

మార్చి నెల. యార్డులో టిక్కీలు దిగే రోజులు.
ఊరంతా కలిసి ఒకే తుమ్ము తుమ్మే మధ్యాహ్నం
పళ్ళ డాక్టరమ్మ హిమజ
చంకలో అట్టగొట్టంతో మెట్లెక్కింది.

విప్పితే ఏడు కాగితాలు.
మూలకో సుత్తీ పటకారూ పెడితేగానీ
బల్ల మీద వెల్లకిలా పడుకోలేదు.

గాలికి తిరగబడ్డ గొడుగులాంటిది ఒకటి.
దాని కింద,
మంగళగిరి మగ్గం మీద సగంలో లేచిపోయినవాడి పోగులు.
కాగితం హద్దు తెలిసినట్టు
ఎనిమిది చేతులూ ఒద్దికగా ముడుచుకున్న ఆక్టోపస్.
నిలువునా కోసిన సముద్రపు ముళ్ళకాయ,
లోపల ఐదు పళ్ళు.
"అవి చూసే కొన్నానండీ" అంది డాక్టరమ్మ.

నాకు రాని భాషలో సన్నటి పేర్లు.
ఎడమ అంచున వరసగా కుట్టు చిల్లులు.
ఏ పుస్తకాన్నో
చేపను చీల్చినట్టు వెన్ను వెంట చీల్చారు.

మా కుర్రాడు నాంచారయ్యది నిజాంపట్నం.
గాజు తుడుస్తూ వంగి చూసి
చెయ్యి టక్కున వెనక్కి లాక్కున్నాడు.
"తగిలితే మూడ్రోజులు మంటన్నా ఇది.
వల్లో పడితే తిట్టుకుంటా దులిపేస్తాం.
దీనికి బొమ్మెవడేశాడు?"

ఎవడో వేశాడు.
కుడి మూల రెండక్షరాలు,
చీమ కాలు విరిచి అంటించినంత.

డాక్టరమ్మే చెప్పింది:
సీసాలో సారా పోసి, అందులో ముంచి పంపేవారట.
ఓడ దిగేలోగా రంగంతా సారాలోకి దిగిపోయి
తెల్లటి ముద్ద మిగిలేదట.
పట్టినవాడు చీటీలో
"లేత గులాబి, అంచున ఊదా" అని రాస్తే
ఆ ముద్దను చూస్తూ, ఆ మాటను నమ్మి
ఇతను గులాబి వేసేవాడట.

అలవాటున నా నోరు జారింది:
"దండకి మేకు కొట్టాలామ్మా?"

ఆమె నవ్వింది. నాంచారయ్య నవ్వాడు.
నేను నవ్వలేదు.

ఓటరు కార్డు మీది గోరంత మొహాన్ని
జానెడు చేసి
"మా అమ్మది ముదురాకుపచ్చ చీరండీ" అంటే
ఆకుపచ్చే కట్టించినవాణ్ణి, ముప్పై ఏళ్ళు.
చూడని వాళ్ళకి కళ్ళలో మెరుపు పెట్టినవాణ్ణి.
ఆ రెండక్షరాలాయన ఏ దేశంవాడో గానీ
మా కులవృత్తివాడే.

టేకు బీడింగు, క్రీము రంగు అట్ట, వెనక పలకచెక్క.
చెమట చుక్క పడకుండా తలకి తువాలు కట్టుకున్నాను.
ముళ్ళకాయని మాత్రం నాంచారయ్యకిచ్చాను.
ఒక మూల కొంచెం తేడా కొట్టింది, చెప్పలేదు.

బ్రాడీపేటలో ఆమె క్లినిక్కు.
కుర్చీ వెనక్కి వాల్చితే కంటికి తగిలే గోడ.
నది కూడా లేని మా ఊళ్ళో
కమీషన్ కొట్టు గుమాస్తా ఎవరో
నోరు తెరుచుకుని, మాట్లాడే వీల్లేక,
సముద్రం వంక చూస్తున్నాడు.

లైటు వేశాక చూశాను.
గొడుగుబొమ్మ పక్కన, గాజు లోపల,
ఒక మిరపగింజ.
యార్డు గాలి ఎప్పుడు దూరిందో.
ప్రాణం చివుక్కుమంది. "విప్పి తీసేస్తానమ్మా."
ఆమె కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూసింది.
"ఉండనివ్వండి.
వాళ్ళ లెక్కలో పన్నెండు దాకా అంకెలున్నాయి.
ఇది పదమూడు."

తిరుగు దారిలో, బండి వెనక కూచుని
శంకర్ విలాస్ బ్రిడ్జి దిగేదాకా
నాంచారయ్య పలకలేదు.
దిగాక, నా చెవి దగ్గర:
"గులాబీ కాదన్నా, ఏదీ కాదు.
నీళ్ళలో ఉన్నప్పుడు దానికి రంగుండదు.
వెనకాల ఏముంటే
అదే కనబడుద్ది."